పెద్దది ఏరిన పైచెక్క

గిటార్లు చేసే మేస్త్రికి ఇద్దరు కూతుళ్లు. ఇంట్లో వాళ్లను పెద్దది, చిన్నది అంటారు. నలభై దాటిన ఆడమనిషిని ఇంకా పెద్దది అని పిలవడం ఏం మర్యాదో గానీ, ఆ పిలుపుకు ఆమె ఎప్పుడో అలవాటు పడిపోయింది. అలవాటు పడనిదల్లా ఒక్కటే, చెల్లెల్ని చూస్తే కడుపులో లేచే మంట. చిన్నది పుట్టినప్పుడు రాజుకున్నది, ఇంతవరకు చల్లారలేదు.

ఇలా చెబితే పెద్దదాన్ని గయ్యాళి అనుకునేరు. అలాంటి మనిషి కాదు. పొద్దున్నే దుకాణం తలుపు తీసేది ఆమే, సాయంత్రం రంపపు పొట్టు ఊడ్చి తాళం వేసేదీ ఆమే. పలచటి పక్క చెక్కను తడిపి, కాలుతున్న ఇనుప గొట్టానికి ఆనించి, ఫట్‌మని విరగకుండా గిటారు నడుము వంపు తిప్పాలంటే చేతికి ఎంతో ఓపిక కావాలి. ఆ ఓపిక ఆమె చేతుల్లో ఉంది. మెడ చెక్కడం, లోపల పట్టీలు అతికించడం, లక్క పాలిష్ పట్టడం అన్నీ ఆమె పనులే. తండ్రి ఒక్కొక్క పనీ ఆమెకు వదిలేస్తూ వచ్చాడు. ఒక్కటి మాత్రం వదల్లేదు. అది పైచెక్క ఏరడం.

గిటారుకు పైచెక్కే ప్రాణం. తీగ మీటితే కదిలేదీ పలికేదీ అదే, మిగతాదంతా దాన్ని పట్టుకుని నిలబెట్టే ఏర్పాటు. ఒకే దుంగలో పక్కపక్కనే కోసిన రెండు పలకలను పుస్తకం తెరిచినట్టు తెరిచి అంచులు అతికిస్తే పైచెక్క అవుతుంది. అందుకని పలకలెప్పుడూ జతలుగానే ఉంటాయి. దుకాణం వెనక గదిలో అరల నిండా అలాంటి జతలు ఏళ్ల తరబడి ఆరుతూ ఉంటాయి. కొత్త గిటారు మొదలుపెట్టే రోజున మేస్త్రి ఫ్యాను ఆపించి, వీధి వైపు కిటికీ మూయించి, ఆ గదిలోకి వెళ్లేవాడు. ఒక్కో పలకను బొటనవేలితో, చూపుడువేలితో మాత్రమే పట్టుకుని చెవి పక్కన వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టేవాడు. ఒకటి మూగగా 'టక్' అనేది. ఇంకొకటి గంటలా మోగి, కాసేపు గాల్లో నిలబడేది. చివరికి ఒక జత మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి, బయటికి తెచ్చి పెద్దదాని బల్ల మీద పడేసేవాడు.

"ఇది," అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క ఉండేది కాదు.

పెద్దది ఊరుకునే మనిషి కాదు. ఆయన లేనప్పుడు ఆ గదిలో దూరి ఆమె కూడా కొట్టి చూసేది. పలకను నిలువునా ఒంచి చూసేది, అడ్డంగా ఒంచి చూసేది, చివర మీద గోరు గీసి వినేది. ఏ జత ఎలా పలుకుతుందో, ఏది పైకి అందగత్తెలా కనిపించి లోపల డొల్లో, ఏది మొహం బాగాలేకపోయినా గొంతున్నదో ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఒకసారి ధైర్యం చేసి, "నాన్నా, పై అరలో ఉన్న జత ఒకసారి చూడరాదూ," అంది. "నీ పని నువ్వు చూసుకో," అన్నాడాయన. ఆమె తన పని చూసుకుంది. కానీ ఆ మాట మాత్రం గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎప్పటికైనా ఆయన నోటితో 'బాగా ఏరావు' అనిపించుకోవాలి. ఆమె జీవితంలో కోరికలు చాలానే పుట్టి పోయాయి గానీ, ఇది మాత్రం పోలేదు.

ఇక చిన్నది. చిన్నదానికి ఉలి ఏదో చిత్రిక ఏదో తెలియదు. టెలిఫోను కంపెనీలో కూర్చుని, కోపంతో ఊగిపోతూ వచ్చేవాళ్లను తియ్యటి గొంతుతో చల్లబరచడం ఆమె ఉద్యోగం. దేవుడు ఆమెకు చెవి మాత్రం ఇచ్చాడు. చిన్నప్పుడు బస్సు హారను వినిపిస్తే, "గాంధారం," అనేది. కుక్కరు కూస్తే, "పంచమం, కాస్త తగ్గింది," అనేది. మేస్త్రి మురిసిపోయి ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చేసి చూపించేవాడు. అదే సమయంలో పెద్దది మూల కూర్చుని జిగురు గిన్నె కడుగుతూ ఉండేది. ఆ పిల్లను అప్పుడు ఎవరూ, "నీకూ వినిపిస్తోందా?" అని అడగలేదు.

ఇప్పటికీ చిన్నది చుట్టపుచూపుగా వచ్చిన రోజున పెద్దదాని ఇంట్లో వంట చెడిపోతుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే ఆమె మొగుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "మీ చెల్లెలు వచ్చినట్టుందే. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది," అంటాడు. ఆమె గిన్నె ఠపీమని పెట్టి లోపలికి వెళ్లిపోతుంది.

ఇలా ఉండగా మేస్త్రికి చెవులు పోవడం మొదలైంది. ఆయన ఒప్పుకోలేదు. "ఈ మధ్య వచ్చే చెక్క అంతా చచ్చిన చెక్క. ఒక్కటీ పలకడం లేదు. చెట్లు పాడైపోయాయి," అని అడవుల మీద విరుచుకుపడేవాడు. పెద్దది ఆయన వెనక నిలబడి వింటూనే ఉంది. చెక్కలు నిక్షేపంలా మోగుతున్నాయి. చచ్చింది చెట్టు కాదని ఆమెకు అర్థమైంది. తండ్రికి చెవులు పోతుంటే కూతురికి సంతోషమా అంటే, అవును, సంతోషమే. రాత్రి పడుకుని తనను తాను తిట్టుకుంది, పొద్దున్న లేచేసరికి మళ్లీ సంతోషమే. ఇంకెన్నాళ్లు, ఇవాళో రేపో పిలిచి, నువ్వు చూడవే అంటాడు, అనక ఏం చేస్తాడు?

అప్పుడు కచేరీల ఆవిడ వచ్చింది. మేస్త్రి సెడార్ పైచెక్క వేసి చేసిన గిటారుతో ముప్పై ఏళ్లుగా వేదికలెక్కుతున్న మనిషి. జుట్టంతా తెల్లబడింది. వేళ్లు మాత్రం పడుచుగానే ఉన్నాయి. ఈసారి తనకు స్ప్రూస్ అనే తెల్లటి కొయ్య పైచెక్కతో కావాలంది.

"సెడార్ అయితే మొదటి రోజే పలుకుతుందండీ. స్ప్రూస్ నోరు విప్పడానికి ఏళ్లు పడుతుంది," అని పెద్దది హెచ్చరించింది.

"అంటే, అంతకాలం నేనుండనంటావా అమ్మాయ్?" అని ఆవిడ పకపకా నవ్వింది. "మంచి చెక్కయితే మొదటి రోజు కూడా కాస్త పలుకుతుందిలే. మీ నాన్నగారు ఏరతారుగా."

ఆవిడ వెళ్లాక మేస్త్రి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పెద్దది బల్ల దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"చిన్నదానికి ఫోన్ చెయ్యి. ఆదివారం రమ్మను. చెక్క చూడాలి," అన్నాడు.

నెత్తిన పిడుగు పడినట్టయింది. పైగా ఫోన్ చెయ్యాల్సింది తనే! ఇష్టం లేని పెళ్లికి తనే శుభలేఖలు పంచినట్టు, ఆమె ఫోన్ చేసి చెప్పింది. "నేనా? నాకేం తెలుసే అక్కా?" అంది చిన్నది. దొంగ వినయం అనుకుని పెద్దది పళ్లు నూరుకుంది.

ఆదివారం చిన్నది మల్లెపువ్వులాంటి చీర కట్టుకుని, ఆ దుమ్ములోకి వచ్చింది. తండ్రీ కూతుళ్లు వెనక గదిలోకి వెళ్లారు. "నువ్వు తలుపు దగ్గరగా వేసి ముందు కూర్చో, ఎవరైనా వస్తే చప్పుడు చెయ్యనివ్వకు," అన్నాడాయన పెద్దదానితో. కాపలా కూర్చోబెట్టాడన్నమాట! ఆమె వెళ్లి కూర్చుంది. చెవులు మాత్రం గోడకే అతుక్కుని ఉన్నాయి.

లోపల చెక్కలు ఒకటి తర్వాత ఒకటి మోగాయి. టక్. టక్. టంగ్. చిన్నది ఏవో స్వరాలు చెబుతోంది, ఆయన బిగ్గరగా, "ఏంటీ?" అంటున్నాడు, ఆమె మళ్లీ చెబుతోంది. ఉన్నట్టుండి ఒక జత మోగింది. పెద్దది కూర్చున్న చోటే నిటారుగా అయింది. అదే. తనకు బాగా తెలిసిన జత. పైన చెట్టు జిగురు ఊరిన మరక ఒకటి గోధుమరంగులో ఉండి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ, కొడితే ఆ మోత గది చివరిదాకా నడిచి వెళుతుంది. లోపల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చిన్నది, "ఇది కాదేమో నాన్నా," అంది. ఇంకా కొన్ని మోగాక, అంతగా నిలవని ఒక మోత దగ్గర ఆగి, "ఇదే నాన్నా, ఇది బాగుంది," అంది.

మేస్త్రి బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. టిక్కు పెట్టిన జతను పెద్దదాని బల్ల మీద పెట్టి, "ఇది," అన్నాడు. ఈసారి అక్కడితో ఆగలేదు. "చూశావా దాని చెవి! ఇన్నేళ్లయినా తుప్పు పట్టలేదు!" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టుంది పెద్దదానికి.

చెక్కకు మాత్రం అందానికి లోటు లేదు. తెల్లగా, దువ్వెనతో దువ్వినట్టు సన్నటి చారలతో, మచ్చనేది లేకుండా ఉంది. వాళ్లు వెళ్లాక ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని అడ్డంగా ఒంచింది. అట్టముక్కలా ఒంగింది. నిలువుకు గట్టిదే, అడ్డానికి బలం లేదు. ఇలాంటిదానితో చేస్తే గిటారు పలకదని కాదు, పలుకుతుంది. కానీ గొంతు దగ్గరే ఆగిపోతుంది, సభ చివర కూర్చున్నవాడికి చేరదు.

వెంటనే వెళ్లి తండ్రికి చెప్పొచ్చు. చెబితే ఏమంటాడు? 'చెల్లెలంటే నీకు కుళ్లు,' అంటాడు. అనడానికి ఆధారం ఉంది కూడా. ఆమె రెండు రోజులు ఆ జతను బల్ల మీదే ఉంచి చుట్టూ తిరిగింది. మూడో రోజు తండ్రి భోజనానికి వెళ్లినప్పుడు గరుకు కాగితంతో టిక్కు రుద్దేసి, ఆ జతను అరలో కింద ఎక్కడో దోపేసింది. జిగురు మరక ఉన్న జతను తెచ్చి, దాని మీద తండ్రి చేతి వాటానికి సరిగ్గా సరిపోయేలా టిక్కు పెట్టింది. ఈ పని చెక్క మంచిదని చేసిందా, చెల్లెలు ఏరింది కాదు కాబట్టి చేసిందా అంటే, ఆ పూట ఆమెకే తెలియదు. రెండూ ఉన్నాయి. ఎక్కువ పాలు కుళ్లుదే.

మరక తండ్రి కంటపడకూడదు. దానికో ఉపాయం ఉంది. పైచెక్క నడుమ గుండ్రంగా కంత కొయ్యాలి గదా. నమూనా అట్టను అటూ ఇటూ జరిపి, రెండు పలకల మీది మరకా సరిగ్గా కంత వచ్చే చోట పడేలా చూసుకుంది. కోసేసరికి మరక కాస్తా గుండ్రటి బిళ్లలో ఊడిపడింది. మిగిలిన చెక్క మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. మేస్త్రి వచ్చి చూసి, "చిన్నది మచ్చలేనిదే ఏరింది," అన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

ఆ గిటారును ఆమె చేసినట్టు అంతకుముందు ఏ గిటారునూ చెయ్యలేదు. చిత్రిక నాలుగుసార్లు లాగి, ఆపి, కొట్టి విని, మళ్లీ లాగి. పలచబడే కొద్దీ చెక్క గొంతు దిగుతుంది, ఎక్కడో ఒక చోట ఇక చాలు అంటుంది. అక్కడ ఆపడం తెలియాలి. ఆమె ఆపింది. పట్టీలు అతికిస్తున్నంతసేపూ మనసులో చెల్లెలితో పోట్లాడుతూనే ఉంది. చూడవే, నీ గాంధారాలూ పంచమాలూ కాదు, చెక్క అంటే ఇదీ.

తీగలు బిగించి, శ్రుతి నిలిచాక కచేరీల ఆవిడకు కబురు చేశారు. చిన్నదాన్ని కూడా మేస్త్రి పిలిపించాడు. అది ఏరిన చెక్క కదా, అది లేకుండా ఎలా?

ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్క తీగ మీటింది. మీటి, చెయ్యి గాల్లోనే ఉంచేసింది. ఆ స్వరం ముందుగది దాటి, వెనక గది దాటి, పెరట్లోకి వెళ్లినట్టనిపించింది. తర్వాత ఆవిడ వాయిస్తూనే ఉండిపోయింది, ఎవరినీ చూడలేదు. మేస్త్రికి ఆ వాయిద్యం వినపడదు. ఆయన లేచి, ఆవిడ అనుమతి అడిగి, గిటారు తల అంచును పళ్ల మధ్య మెల్లగా కరచుకున్నాడు. ఎముకలోంచి అయినా వింటాడట. ఆవిడ మీటుతుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి రెప్పల కింద తడి కనిపించింది.

"ఈ పైచెక్క ఎవరు ఏరారు మేస్త్రిగారూ?" అని ఆవిడ ఆయన చెవి దగ్గర గట్టిగా అడిగింది.

ఆయన వీధికంతా వినపడేలా, "మా చిన్నది! బాగా ఏరింది! నేనైనా ఇంత బాగా ఏరేవాణ్ణి కాదు!" అన్నాడు.

ఆ మాట వచ్చేసింది. ఆమె ఇన్నేళ్లు కాచుకు కూర్చున్న మాట, ఆమె చెక్కకే, ఆమె కళ్లెదుటే, తీసుకెళ్లి చిన్నదాని ఒళ్లో పడేశాడు. చిన్నది మొహం దించుకుని చీర అంచు మెలిపెడుతోంది. పెద్దదానికి ఒళ్లంతా కారం పూసినట్టయింది. నోరు తెరిస్తే దొంగ. తెరవకపోతే ఆ మాట చెల్లెలిదై పోయినట్టే. తన గోతిలో తనే దిగి పైన మూత కూడా వేసుకున్నట్టయింది.

కచేరీల ఆవిడ గిటారును ఒక్కరోజు కూడా వదిలి ఉండలేనని వెంట తీసుకుపోయింది. మేస్త్రి ఆవిడను సాగనంపడానికి వీధిలోకి వెళ్లాడు. పెద్దది టీ కప్పులు ఎత్తుకుని వెనక పంపు దగ్గరకు వెళ్లింది. చిన్నది వెంట వచ్చి కప్పు అందుకోబోయింది.

"చీర పాడవుతుంది, పో!" అని కసిరింది పెద్దది. "ఆ చెక్క నువ్వు ఏరింది కాదే. నువ్వు ఏరింది మెత్తటి అట్టముక్క. దాన్ని తీసేసి నేను నాకు నచ్చింది వేశాను. వెళ్లి చెప్పుకో మీ నాన్నతో!"

చిన్నదానికి కోపం రాలేదు.

"నేనేం ఏరానే అక్కా? నాకు స్వరం తెలుసు, చెక్క తెలుసా? కొట్టినప్పుడల్లా నాన్న మొహం చూశాను. ఆయనకు ఏది చేతికి నచ్చితే అది బాగుందన్నాను. చారలు చూసి, నిమిరి, ఆయనే ఏరుకున్నాడు. ఆ మరకది మోగినప్పుడు నాకూ బాగుందనిపించింది. ఆయన మొహం చిట్లించాడు, కాదన్నాను."

"మరి నిన్నెందుకు పిలిచాడే?"

"ఔననడానికి. నువ్వయితే కాదంటావని భయం ఆయనకి." చిన్నది కప్పు అందుకుని కడగసాగింది. "భయపడ్డట్టే, నువ్వు కాదన్నావు కదా."

పంపు ధారగా పోతూనే ఉంది. పెద్దది కట్టలేదు. అంటే తను తీసి పారేసింది చెల్లెలు ఏరిన చెక్క కాదు. నాన్న ఏరిన చెక్క. ఇన్నాళ్లూ ఈ మంట ఎవరి మీద పెట్టుకుంది? అయినా, ఇంత తెలిశాక కూడా, ఆ గదిలో చెక్క మోగినప్పుడల్లా నాన్న మొహం చూసింది చిన్నది కదా, తను కాదు కదా అని కుళ్లుగానే ఉంది.

ఆమె చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్లింది. అడుగున దోపిన జతను బయటికి లాగింది. వీధిలోంచి వచ్చిన తండ్రి ముందు పెట్టి, చెవి దగ్గర వంగి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నాన్నా. నువ్వు ఏరింది ఇది. నేను వెయ్యలేదు. మార్చేశాను."

మేస్త్రి చెయ్యి చాచాడు. పలక తీసుకున్నాడు, నిమిరాడు. అంచు పళ్లతో పట్టుకుని కణుపుతో కొట్టుకున్నాడు.

"దీనికేం తక్కువ?" అన్నాడు.

ఆయన ఆమెను చెక్క గురించి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆమె ఆయన రెండు బొటనవేళ్లూ పట్టుకుని పలక మీద అడ్డంగా పెట్టింది. "ఒంచు," అంది. ఆయన ఒంచాడు. అరలోంచి ఇంకొకటి తీసి ఇచ్చింది. దాన్నీ ఒంచాడు. మళ్లీ మొదటిది. చాలాసేపు అలా ఒంచుతూనే ఉన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ముట్టుకోగానే."

ఆయన తలెత్తి చూశాడు. ఆమె మొహం కాదు, ఆమె చేతుల్ని. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఇంటికొచ్చినవాళ్ల ముందు స్వరాలు చెబుతున్న చెల్లెల్ని, జిగురు గిన్నె పక్క నుంచి తను అలాగే చూసేది. నాన్నకు తన మీద కుళ్లు పుట్టింది. ఇంతకాలం దేని కోసం దేవులాడిందో అది దొరికినట్టే గానీ, తియ్యగా లేదు.

"నా చెవులు నాకుంటే దీన్ని నీకంటే ముందు నేనే పారేసేవాణ్ణి," అన్నాడు.

"పారేసేవాడివే నాన్నా."

"ఏంటీ?"

"పారేసేవాడివే!" అని అరిచింది.

ఆయన ఆ జతను ఆమె బల్ల మీద పెట్టాడు. కళ్లజోడు తీశాడు, తుడవలేదు, జేబులో పెట్టుకున్నాడు. పక్కగదిలో చిన్నది కప్పులు బోర్లిస్తోంది. గుమ్మం దాకా వెళ్లి ఆయన వెనక్కి తిరక్కుండానే ఆగాడు.

"బాగా ఏరింది అన్నాను కదా ఇందాక, అందరి ముందు. అదే నువ్వు తీసుకో. మళ్లీ అనడం నావల్ల కాదే," అన్నాడు.

ఆమె తీసుకుంది.